పలకాకు, పసరు, మా నాన్న కాలివేలు

గడ్డి చామంతిని చూడని తెలుగువాళ్లు ఉండరు. కాకపోతే చూశామని చాలామందికి తెలియదు. రోడ్డు పక్కన, రైలు పట్టాల మధ్య కంకరలో, పొలం గట్ల మీద, చివరికి అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు పగుళ్లలో కూడా మొలుస్తుంది. నేలబారుగా పాకుతుంది. జానెడు పొడుగు సన్నటి కాడ ఒకటి నిటారుగా లేపి దాని కొసన చొక్కా గుండీ అంత పువ్వు పూస్తుంది. మధ్యలో పసుపు, చుట్టూ ఓ ఐదు తెల్లటి రేకులు, ఒక్కో రేకు చివర మూడు నొక్కులు. ఆకు గరుగ్గా, నూగుతో, అంచులు రంపంలా ఉంటుంది. నలిపితే ఒకరకం పచ్చి వాసన వస్తుంది.

మా ఇంట్లో దీన్ని గాయపాకు అనేవాళ్లు. బళ్లో మాకు పలకాకు, ఎందుకంటే నల్లబల్ల పలక తెల్లబడి బలపం గీత కనపడకపోతే ఈ ఆకు రుద్దేవాళ్లం. ఆకు పసరూ బొగ్గూ కలిపి రుద్దితే పలక మళ్లీ నల్లగా అయ్యేది (దొండాకు అయితే ఇంకా బాగా వచ్చేది గానీ దొండపాదు వేరేవాళ్ల పెరట్లో ఉండేది, తిట్లు తినాలి). వేరే ఊళ్ల స్నేహితులు నల్లాలం అంటారు. ఇంకొందరు రావణాసురుడి తలకాయ అంటారు. ఆ పేరు నాకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే మేం ఆడిన ఆట అదే. ఇద్దరం చెరో పువ్వు కాడ తీసుకుని, మెడకు మెడ లంకె వేసి లాగాలి. ఎవరి తలకాయ తెగి పడితే వాళ్లు ఓడినట్టు.

పోయిన నెల మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ మొక్క ఫోటో వచ్చింది. ఐదు వేల ఏళ్ల క్రితం మన ఋషులు చెప్పిన దివ్యౌషధమట. షుగర్, బీపీ, జుట్టు రాలడం, కిడ్నీలో రాళ్లు, మోకాళ్ల నొప్పులు, అన్నీ పోతాయట. రోజూ పరగడుపున పది ఆకుల రసం తాగితే చాలట. కింద వరసగా దండాలు, ఆ దండాల్లో మా నాన్నది కూడా ఒకటి. నేను ఏమీ అనలేదు. గ్రూపులో అంటే పెద్దమ్మలకీ బాబాయిలకీ కోపాలొస్తాయి, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ ఐదు వేల ఏళ్ల సంగతి. గడ్డి చామంతి మన మొక్క కాదు. మెక్సికో, మధ్య అమెరికా దాని పుట్టిల్లు. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దానికి ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అని శాస్త్రీయ నామం పెట్టాడు, ప్రొకంబెన్స్ అంటే నేల మీద పాకేది అని. 1492లో కొలంబస్ అటు వెళ్లేదాకా ఆ ఖండానికీ మనకీ రాకపోకలే లేవు. కాబట్టి చరకుడు ఈ ఆకు నలిపి చూసే అవకాశం లేదు. సుశ్రుత సంహితలో వ్రణాల గురించి అధ్యాయాలకు అధ్యాయాలున్నాయి, అందులో ఈ మొక్క ఉండే వీల్లేదు. ఇప్పుడు నెట్‌లో దీనికి ఒక సంస్కృతం పేరు కూడా తగిలించారు. మనం ఇంటికి తెచ్చుకున్న కుక్కపిల్లకి గోత్రం చెప్పినట్టుంది.

ఇది చెప్తే కొంతమందికి మొహం మాడిపోతుంది. మాడాల్సిన పనేముంది? మాది మిరప పండించే ఊరు, పల్నాడు. మిరపకాయ కూడా అక్కడి నుంచి వచ్చిందే, పోర్చుగీసువాళ్ల ఓడల్లో. జామ, బొప్పాయి, వేరుశనగ, టమాటా అన్నీ ఆ వైపు నుంచి వచ్చినవే. ఎవరూ పచ్చడి పారబోయలేదు కదా. మందు విషయానికి వచ్చేసరికి మాత్రం పాతదైతేనే పని చేస్తుందని, మనదైతేనే మంచిదని ఒక లెక్క. నాకు అర్థం కానిదల్లా ఆ లెక్కే.

పైగా అసలు గొప్పంతా కొత్తదవడంలోనే ఉంది. ఏ గ్రంథంలోనూ లేని ఒక పరాయి కలుపుమొక్క గట్టు మీద మొలిచింది. ఎవరో ఒక పశువులు కాసుకునే మనిషో, కలుపు తీసే ఆడమనిషో కొడవలి తెగినప్పుడు చేతికందిన ఆకు పిండి చూశారు. రక్తం ఆగింది. మళ్లీ చూశారు, ఆగింది. పక్కవాళ్లకు చెప్పారు. అలా ఊరూరూ పాకింది. ఆ మొదటి మనిషికి ఏ ఋషీ చెప్పలేదు, తనే కళ్లు తెరుచుకుని చూసింది. ఇంకో విశేషం ఏంటంటే నైజీరియా పల్లెల్లో కూడా తెగిన గాయాల మీద ఇదే ఆకు పిండుతారు. దాని పుట్టినిల్లు గ్వాటెమాలా వైపు నాటువైద్యంలోనూ ఉంది. ఒకళ్లనొకళ్లు ఎరగని జనం ఇంత దూరదూరాన అదే ఆకును దెబ్బకు వాడుతున్నారంటే అందులో ఏదో ఉందని అనుకోవడానికి నాకు ఐదు వేల ఏళ్ల కంటే అదే గట్టి సాక్ష్యంగా కనిపిస్తుంది.

ఫ్లోరిడాలో ఉండే మా బాబాయి కొడుక్కి ఈ మాట చెప్తే వాళ్లింటి వెనకాల గడ్డిలోంచి ఒక మొక్క ఫోటో తీసి పంపాడు, "ఇదేనా అన్నయ్యా?" అని. అదే. అమెరికా ప్రభుత్వం వాళ్ల హానికర కలుపుమొక్కల జాబితాలో దీన్ని పెట్టింది, అనుమతి లేకుండా బయటినుంచి తేవడం కుదరదు. మన వాట్సాప్‌లో దివ్యౌషధం, అక్కడ నిషిద్ధం. విత్తనానికి దూదిలాంటి ఈకలుంటాయి, ఒక్కో మొక్క వందల కొద్దీ విత్తనాలు గాల్లోకి వదుల్తుంది, ఎవరి నిషేధాలూ దానికి పట్టవు.

మా అమ్మమ్మ వైద్యం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. సైకిల్ మీంచి పడి మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తూ వచ్చాను. ఆవిడ పేడకళ్లు ఎత్తుతున్న చెయ్యి కడుక్కుని (కడుక్కుందనే గుర్తు, కడుక్కోకపోయినా ఆశ్చర్యం లేదు) పెరట్లోంచి గుప్పెడు ఆకు తుంచుకొచ్చి, అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి, ముదురు పచ్చ చుక్కలు మోకాలి మీద పిండింది. మంట! "ఊరుకోరా, మండితేనే మానుద్ది" అంది. తర్వాత ఆ పిప్పినే గాయం మీద పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుని, అలా నొక్కిపెట్టే వంటింట్లో ఉన్న అమ్మతో ఏవో కబుర్లు చెప్పింది, ఓ ఐదు నిమిషాలు. చెయ్యి తీసేసరికి రక్తం లేదు.

చాలా ఏళ్ల తర్వాత నాకు తట్టింది, ఆ ఐదు నిమిషాల నొక్కుడే సగం వైద్యం అని. చిన్న గాయాన్ని అలా గట్టిగా నొక్కి పట్టుకుంటే చింతాకైనా, శుభ్రమైన గుడ్డముక్కైనా, ఉత్తి వేలైనా చాలావరకు రక్తం ఆగుతుంది. మిగతా సగం ఆకుదా? కొంత అయ్యుండొచ్చు. గాజుగొట్టాల్లో పరీక్ష చేసినప్పుడు ఈ ఆకు రసం రక్తం గడ్డకట్టే సమయాన్ని తగ్గించిందని చూశారు. 1980ల నుంచీ మన దేశంలోనే ఎలుకల మీద పరీక్షలు చేశారు. స్టెరాయిడ్ ఇచ్చి గాయం మానడం మందగించిన ఎలుకల్లో ఈ రసం ఆ మందగింపును కొంత సరిచేసింది. మంచి ఫలితాలే. కానీ ఎలుకకూ గాజుగొట్టానికీ మనిషికీ మధ్య చాలా దూరముంది. ఆ దూరం నడవకుండానే కిడ్నీ రాళ్ల దాకా వెళ్లిపోయింది మా గ్రూపు.

ఇప్పుడు నాన్న సంగతి.

నాన్నకి పన్నెండేళ్లుగా షుగర్. నాలుగేళ్ల క్రితం మిరప కోతల టైములో చేలో తుమ్మముల్లు చెప్పులోంచి దిగింది. షుగర్ ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది కదా, ఆయనకి దిగినట్టే తెలియలేదు. సాయంత్రం చాప మీద రక్తపు మరక చూసి అమ్మ అడిగితే అప్పుడు కాలు ఎత్తి చూసుకున్నాడు. ముల్లు తీశాడు, గాయపాకు పిండాడు, పాతపంచె ముక్క కట్టుకున్నాడు. మర్నాడు మళ్లీ పిండాడు. అలా తొమ్మిది రోజులు. నొప్పి లేదు కాబట్టి తగ్గుతుందనుకున్నాడు. నొప్పి తెలియకపోవడమే ఆ జబ్బు.

నేను హైదరాబాద్ నుంచి వెళ్లి చూసేసరికి పాదం మీద నల్లటి పెచ్చు కట్టి ఉంది. ఆకు పసరు ఎండితే నలుపు పచ్చగా గట్టిపడి చర్మానికి అంటుకుపోతుంది. ఆ పెచ్చు కింద ఏది పసరు నలుపో ఏది కుళ్లిన చర్మం నలుపో తెలియడం లేదు. గోరువెచ్చటి నీళ్లు పోసి మెల్లగా పెచ్చు ఊడదీస్తుంటే వాసన వచ్చింది. ఆ వాసన గురించి రాయను. ఊళ్లో ఆర్‌ఎంపీ చూసి "నా వల్ల కాదు, గుంటూరు తీసుకెళ్లిపోండి" అన్నాడు, ఆ మాట అన్నందుకు ఆయనకి నేను ఇప్పటికీ దండం పెడతా. గుంటూరులో ఒక ఆసుపత్రిలో బొటనవేలి పక్క వేలు తీసేశారు. ఇంకో నాలుగైదు రోజులు ఆగితే పాదం సగం పోయేదన్నారు.

ఆపరేషన్ చేసిన డాక్టరు మమ్మల్ని తిట్టాడు. ఆకుపసర్లతో చావగొడుతున్నారయ్యా అన్నాడు. అప్పుడు తలొంచుకుని విన్నాను గానీ ఆ మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఆకు వేలు తినలేదు. వేలు తిన్నది షుగరూ, ముల్లుతో లోపలికి వెళ్లిన క్రిములూ, తొమ్మిది రోజుల ఆలస్యమూ. ఆ ఆలస్యానికి మిరప కోతలు ఒక కారణం, కూలీలు దొరక్కపోవడం ఒక కారణం, గుంటూరు వెళ్తే ఎంతవుద్దో అనే టెన్షన్ ఒక కారణం. ఆకు చేసిందేంటంటే ఏదో ఒకటి చేశాంలే అనే ధైర్యం ఇచ్చింది, పైన మూతేసి లోపల జరిగేది కనపడకుండా చేసింది. ఏమీ పూయకుండా వదిలేసి ఉంటే మూడో రోజుకే అమ్మ ఎరుపు చూసి గోల చేసేది. నా కోపమంతా ఆ మూత మీదే.

కామెర్ల పసరు కూడా ఇలాంటి మూతే అని నా అనుమానం. ఎనిమిదో తరగతిలో నాకు పచ్చకామెర్లు వచ్చాయి. మూడు తెల్లవారుజాములు పక్కూరు తీసుకెళ్లారు. ఒక పెద్దాయన కొబ్బరిచిప్పలో పచ్చటి ముద్ద మేకపాలతో కలిపి ఇచ్చాడు. నలభై రోజులు పత్యం, ఉప్పూ కారం నూనె లేని చప్పిడి కూడు. తగ్గింది. ఊరంతా పసరు మహిమ అన్నారు. అది నేల ఉసిరి అని తర్వాత తెలిసింది, ఆకు కింద చిన్న చిన్న ఉసిరికాయల్లాంటి కాయలు వరసగా వేలాడే మొక్క. ఆయన మాత్రం పేరు చెప్పేవాడు కాదు, చెబితే మందు పని చెయ్యదట. పిల్లలకు ఎక్కువగా వచ్చే హెపటైటిస్-ఎ రకం కామెర్లు మందు వేసినా వెయ్యకపోయినా చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయని ఆ పెద్దాయనకి తెలియకపోవచ్చు. ఒకవేళ తెలిసినా ఎందుకు చెప్తాడు?

నేల ఉసిరికి గడ్డి చామంతిలా వంశం లేకపోలేదు. భూమ్యామలకి పేరుతో ఆయుర్వేదంలో నిజంగానే ఉంది. దాన్ని గట్టిగా పరీక్షించినవాళ్లూ ఉన్నారు. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్, మద్రాసులో త్యాగరాజన్ బృందం కలిసి 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. ఒంట్లో హెపటైటిస్ బి పాతుకుపోయినవాళ్లకు నేల ఉసిరి పొడి 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, నెల రోజులు ఇచ్చారు. తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే. ఆ అంకెలు చదివితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఆ పెద్దాయన కొబ్బరిచిప్పకి నోబెల్ వచ్చినట్టే అనిపిస్తుంది. తర్వాత థాయిలాండ్‌లో చేశారు, న్యూజిలాండ్‌లో చేశారు, ఆ ఫలితం రాలేదు. 2011లో కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ వడపోసి, ఉత్తుత్తి మాత్ర కంటే ఇది మెరుగని నమ్మడానికి సరైన ఆధారం లేదని తేల్చింది.

పుస్తకాల్లో పేరున్న మొక్క ఆ జబ్బు దగ్గర నిలబడలేదు. పేరూ ఊరూ లేని గడ్డి చామంతి మోకాలి దెబ్బ వరకు ఏదో కొంత నిలబడింది. అందుకే వంశం చూడొద్దంటున్నా. నిలబడలేదని తెలిసింది కూడా ఆ ఆకును ఎగతాళి చెయ్యకుండా, దాచకుండా, మాత్రలో పెట్టి లెక్కపెట్టారు కాబట్టే. పేరు చెబితే పని చెయ్యదు అనే మాటను నేను ఎప్పటికీ క్షమించలేను. పేరు చెబితే పని చేస్తుందో లేదో తెలిసిపోతుంది, అసలు భయం అది.

ఎదురు కథ కూడా చెప్పాలి, లేకపోతే నన్ను నాటువైద్యం శత్రువు అనుకుంటారు. బిళ్ళగన్నేరు తెలుసుగా, గులాబిరంగు పూలతో పెరట్లో, సమాధుల పక్కన ఎవరూ నీళ్లు పోయకపోయినా పెరిగేది. అదీ మన మొక్క కాదు, మడగాస్కర్‌ది. దాని ఆకు షుగర్‌కి మంచిదని చాలా దేశాల్లో నమ్మకం. 1952లో జమైకా నుంచి వచ్చిన ఆకుల్ని కెనడాలో రాబర్ట్ నోబుల్ ఎలుకలకిచ్చి చూశాడు. షుగర్ తగ్గలేదు. కానీ ఎలుకల రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. ఇంకొకరైతే పనికిరాదని చెత్తబుట్టలో వేసేవాళ్లు. తెల్లకణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరిగే జబ్బు ఒకటుంది కదా, బ్లడ్ క్యాన్సర్, దానికి పనికొస్తుందేమో అని నోబుల్ బృందం అటు తిరిగింది. 1958 నాటికి ఆ ఆకులోంచి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటికొచ్చింది, ఆ వెనకే విన్‌క్రిస్టిన్. ఈ రోజు రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఎక్కించే మందుల్లో విన్‌క్రిస్టిన్ ఒకటి.

అదే మొక్క ఆకులు షుగర్ తగ్గుతుందని మా ఊళ్లో ఇప్పటికీ రోజూ నాలుగు నమిలేవాళ్లున్నారు. క్యాన్సర్ కణాన్ని చంపే సరుకు కొలత లేకుండా, పరగడుపున, టీకి ముందు. అడిగితే "ఆకే కదా, ఏం చేస్తుంది" అంటారు. ఆకు మందైతే చాలా చేస్తుంది, ఏమీ చెయ్యకపోతే మందే కాదు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి?

గడ్డి చామంతి రసం తాగడం గురించి కూడా నా అభిప్రాయం అదే, తాగొద్దు. జుట్టు నూనె సంగతి కూడా ఒకమాట. జుట్టుకి పేరున్నది గుంటగలగర, భృంగరాజం. దానికీ తెల్లపువ్వే, తడినేలల్లో పెరుగుతుంది. కొందరు దాని బదులు గడ్డి చామంతి వాడేస్తారు, అమ్మేవాళ్లూ ఉన్నారు. ఇంకా ఘోరం, తెల్లపువ్వు కనపడితే చాలని వయ్యారిభామ కోసుకొచ్చేవాళ్లు. అది ముట్టుకుంటేనే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు.

మరి నువ్వేం చేస్తావ్ అంటే, మా అమ్మాయి పార్కింగ్‌లో పడి మోచెయ్యి గీరుకున్నప్పుడు కుళాయి కింద సబ్బు పెట్టి బాగా కడిగాను, శుభ్రమైన గుడ్డ పెట్టి అమ్మమ్మలా ఐదు నిమిషాలు నొక్కి పట్టుకున్నాను. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించామో కార్డు తీసి చూశాను. ధనుర్వాతం క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది, మన ఆకు మొలిచేదీ అక్కడే. కుక్కలు కాలెత్తే గోడవార ఆకును తెరిచిన గాయం మీద పెట్టే ధైర్యం నాకైతే లేదు. నడి అడవిలో కత్తి తెగి చేతిలో ఇంకేమీ లేకపోతే పిండుకుంటానేమో, కడిగి, తర్వాత డాక్టరుకి చూపించుకుంటా. షుగర్ ఉన్నవాళ్ల కాలి మీద మాత్రం ఏ ఆకూ వద్దు, పసుపు కూడా వద్దు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్న మేక కాలికి గాయపాకు కడుతున్నాడు. నన్ను చూసి కొంచెం సిగ్గుపడి, "దీనికి షుగర్ లేదులేరా" అన్నాడు. రాత్రి భోజనాలయ్యాక మంచం మీద కూర్చుని అమ్మ పాత బొట్టు అద్దం తీశాడు. అంచు పగిలింది, వెనక పూత రాలిపోయి మధ్యలో ఇంత జాగాలోనే కనపడుతుంది. పాదం కింద ఆ అద్దం పెట్టి, నా ఫోన్ లైటు వెయ్యమని, మడమ నుంచి మొదలుపెట్టి వేలు వేలు మధ్య చూసుకున్నాడు. ఆసుపత్రి వాళ్లు నేర్పారు, నాలుగేళ్లుగా ఒక్క రాత్రీ మానలేదట. ఎడమకాలు అయ్యాక కుడికాలు పెట్టాడు, వేలు లేని చోట ఒక క్షణం ఆగి, "ఇదిగో ఇక్కడ కొంచెం ఎర్రగా ఉందా, లైటు ఇటు పట్టు" అన్నాడు. ఇద్దరం వంగి చూశాం. దోమ కుట్టింది.